ఒసాకాలో ఉన్న కొడుకు

ఏప్రిల్ 3

పొద్దున బస్సులో వంతెన దాటి షికోకు దీవికి వచ్చాను. ఒకటో గుడి పక్కన కొట్లో తెల్ల చొక్కా, గడ్డి టోపీ, కర్ర తీసుకున్నాను. యాత్ర ఎవరి కోసమని కొట్టామె అడిగింది. నా భార్య ఫుమికో కోసం, పోయి రెండేళ్ళయిందని చెప్పాను. ఆమె చేతులు జోడించింది. నేను చెప్పింది అబద్ధం కాదు. ఈ దీవి చుట్టూ ఉన్న ఎనభై ఎనిమిది గుళ్ళూ కాలినడకన చుట్టి రావాలని ఫుమికో ఎప్పుడూ అంటూ ఉండేది.

నాకు అరవై తొమ్మిది. హిమెజిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ మీటర్లు చూసిన కాళ్ళు ఇవి. నడకంటే భయం లేదు.

బయల్దేరేటప్పుడు పక్కింటి మినొబె గారు వాకిలి ఊడుస్తూ కనిపించింది. నెలన్నర ఊళ్ళో ఉండనని చెప్పాను. ఇల్లు ఓ కంట కనిపెడతాం లెండి అంది. ఒసాకాలో అబ్బాయికి చెప్పారా అని అడిగింది. చెప్పాను అన్నాను. పదకొండేళ్ళుగా ఆ జవాబు నా నాలుక చివరే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

ఉత్తరం వంటింటి బల్ల మీద పెట్టాను. ఫ్రిజ్ నిండా సరుకు ఉంది. బియ్యం పది కిలోలు, నూడుల్స్ డబ్బాలు ముప్ఫై. దేనికీ లోటు లేదు. పదమూడు మెట్లు దిగితే చాలు.

ఏప్రిల్ 4

నిన్న రాసింది చదువుకున్నాను. ఎవరూ చూడని డైరీలో కూడా ఒసాకా అని రాసుకుంటే నా అంత వెధవ ఇంకొకడు ఉండడు. కెంగో ఒసాకాలో లేడు. మా ఇంట్లో, మేడమీద గదిలో ఉన్నాడు.

ఇరవై అయిదో ఏట ఉద్యోగం వదిలేసి పెట్టె పట్టుకుని వచ్చాడు. మెట్లెక్కాడు. అంతే. ఇప్పుడు ముప్ఫై ఆరు. మొదటి నెలలోనే మినొబె గారు, అబ్బాయి వచ్చినట్టున్నాడే అంటే, మళ్ళీ వెళ్ళిపోయాడండీ, ఒసాకాలో పని దొరికింది అనేశాను. ఫుమికో పక్కనే ఉండి వింది. తర్వాత తనూ అదే చెప్పడం మొదలుపెట్టింది. వాడికి ఒసాకాలో జలుబు చేసిందట, ఒసాకాలో ఇల్లు మారాడట. వీధిలో ఎవరైనా పలకరిస్తే ఇద్దరం పోటీలు పడి కబుర్లు అల్లేవాళ్ళం. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి కదా.

పళ్ళెం పై మెట్టు మీద పెట్టి దిగిపోవాలి. గంటకి ఖాళీ గిన్నెలు అక్కడే ఉంటాయి. ఫుమికో తొమ్మిదేళ్ళు పెట్టింది, నేను రెండేళ్ళు పెట్టాను. నేను టీవీ కట్టేసి పడుకున్నాక వాడు దిగి స్నానం చేసి వెళ్తాడు. తూము దగ్గర వెంట్రుకలు కనిపిస్తాయి. అంతకు మించి నా కొడుకుని నేను చూసి పదకొండేళ్ళయింది.

పెట్టే చెయ్యి ఉన్నంత కాలం వాడు దిగడు. ఇది శిక్ష కాదు. ఎప్పుడో చెయ్యాల్సిన పని, ఫుమికో చెయ్యనివ్వలేదు. అదీ సంగతి.

సాయంత్రం ఏడింటికి ఇంటికి ఫోన్ చేశాను. ఫోన్ కింద హాల్లో ఉంటుంది. పదిసార్లు మోగనిచ్చి పెట్టేశాను. మొదటిరోజే తీస్తాడని నేనూ అనుకోలేదు.

ఏప్రిల్ 5

పదిసార్లు మోగింది. తీయలేదు.

ఏప్రిల్ 7

ఈ దీవి జనం మనిషిని నడవనివ్వరు. వరి మడుల మధ్య పోతుంటే కారు ఆపి ఒకావిడ పరుగెత్తుకొచ్చి నారింజ పండు చేతిలో పెట్టింది. యాత్రికుడికి ఇచ్చింది కాదనకూడదు. పుచ్చుకుని, పేరూ ఊరూ రాసిన చీటీ ఒకటి తిరిగి ఇవ్వాలి. చీటీ ఇచ్చాను. పిల్లలెంతమంది అంది. ఒక్కడే కొడుకు, ఒసాకాలో అన్నాను. అయితే వాడికీ ఒకటి అని ఇంకో నారింజ పెట్టింది.

అక్కడితో మొదలైంది. బిస్కెట్ల పొట్లం ఇచ్చినాయన వాడికీ ఒకటి ఇచ్చాడు. మధ్యాహ్నం ఒక ముసలావిడ వసారాలో కూర్చోబెట్టి టీ పోసి, తనే అల్లిన మేజోళ్ళు నాకు తొడిగించి చూసింది. మీ అబ్బాయి పాదం ఎంతుంటుంది అని అడిగింది. ఇరవై ఆరు సెంటీమీటర్లు అన్నాను. పాతికేళ్ళప్పటి కొలత. పాదాలు ఆ తర్వాత పెరగవు కదా, అదే ఉంటుంది. వాడి కోసం ఒక జత ఇచ్చింది.

నావి నేను తినేస్తున్నాను. వాడి పేరు మీద ఇచ్చినవి తినకూడదు. సంచిలో పడేస్తున్నాను.

సత్రంలో యాత్రికుల ఆచారం ప్రకారం ముందు కర్ర అడుగు కడిగి, తర్వాత నా కాళ్ళు కడుక్కున్నాను. అక్కడ ఇద్దరు యాత్రికులు భోజనాల దగ్గర ఎవరి కోసం నడుస్తున్నారో చెప్పుకుంటూ ఏడ్చారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు అంత బాహాటంగా ఎలా ఏడుస్తారో నాకు అంతు పట్టదు. నేను ఏడింటి ఫోన్‌కి వేళవుతోందని లేచి వచ్చేశాను.

పదిసార్లు.

ఏప్రిల్ 9

వాన. మోకాలు వాచింది. కొండెక్కి దిగేసరికి ప్రాణం కడబట్టింది.

ఫోన్ తీయలేదు. నేనే చేస్తున్నానని వాడికి తెలుసు. తెలిసే తీయడం లేదు. అదే అయి ఉంటుంది.

ఏప్రిల్ 10

ఈపాటికి దిగే ఉంటాడు. నూడుల్స్ వండుకుని ఉంటాడు, ఉత్తరం చదివి ఉంటాడు. అయిదుసార్లు రాసి చింపి చివరికి మూడు వాక్యాలు రాశాను. యాత్రకి వెళ్తున్నాను. ఫ్రిజ్‌లో అన్నీ ఉన్నాయి. వేళకి తిను. కోపంగా ఒక్క మాట కూడా లేదు అందులో.

ఏప్రిల్ 11

పదిసార్లు. అయిదు నిమిషాలాగి మళ్ళీ పదిసార్లు.

ఏప్రిల్ 12

ఇక్కడినుంచి మురోటో అంతరీపం దాకా ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండ. మధ్యలో రోడ్డు తప్ప ఏమీ లేదు. మాట్లాడేవాళ్ళు లేకపోతే మనిషి బుర్ర చెప్పిన మాట వినదు.

ఉద్యోగంలో ఉండగా మూడుసార్లు చూశాను. రెండు నెలలైనా మీటరు అంకె మారదు. పెట్టెలో ఉత్తరాలు కుక్కి ఉంటాయి. ఇరుగుపొరుగుని అడిగితే, అవునండీ ఈమధ్య కనిపించడం లేదు, ఏ ఊరో వెళ్ళారేమో, అడిగితే బాగుండదని ఊరుకున్నాం అంటారు. నేను ఆఫీసుకి చెబితే, ఆఫీసు పోలీసులకి చెప్పేది. తలుపు పగలగొట్టాక లోపల కనిపించింది ఇక్కడ రాయను.

మా ఇంట్లో మనిషి ఉన్నాడనే ఎవరికీ తెలియదు. ఎవరు అనుమానపడతారు? ఎవరిని పంపను? పోలీసులకి ఏం చెప్పాలి, నా ఇంట్లో నా కొడుకున్నాడు చూసి రండి అనా?

మేడమీద చేతులు కడుక్కునే కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది. వాడి దగ్గర బిస్కెట్లో ఏవో ఉంటాయి. గుడ్డిలో మెల్ల.

ఏప్రిల్ 13

పొద్దున లేస్తూనే ఉపాయం తట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ చదువు ఊరికే పోలేదు. మనిషి అబద్ధమాడతాడు గాని మీటరు ఆడదు. ఇంట్లోకి వెళ్ళక్కర్లేదు, వాకిట్లో మూత ఎత్తి చూస్తే చాలు.

మినొబె గారికి ఫోన్ చేశాను. తుఫాను తర్వాత నుంచి కుళాయి కారుతోందని అనుమానంగా ఉంది, ఒక్కసారి మీటరు చూస్తారా, శ్రమ ఇస్తున్నాను అన్నాను. ఆవిడ అయ్యో దానికేముందని ఫోన్ పట్టుకునే వెళ్ళింది. మూత ఎత్తిన చప్పుడు వినిపించింది. చిన్న చక్రం ఉంటుంది, తిరుగుతోందా అన్నాను.

"ఆగే ఉందండీ. ఉండండి... ఇప్పుడు తిరుగుతోంది. కొంచెంగా. మళ్ళీ ఆగింది."

లీకయితే ఆగదు. తిరిగి ఆగిందంటే మనిషే. నా కొడుకు కుళాయి తిప్పి కట్టాడు. రోడ్డు పక్కన దిమ్మ మీద కూలబడ్డాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. బతికే ఉన్నాడు.

ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"లీకేనండీ, అనుమానం లేదు. మరేం ఫరవాలేదు, పక్కనే నీళ్ళు ఆపే మర ఉందిగా, నేను కట్టేశాను. మీరొచ్చేదాకా నీళ్ళు వృథా కావు. నిశ్చింతగా నడవండి."

మళ్ళీ తిప్పండి అనాలి. ఎందుకు తిప్పాలో చెప్పాలి. ఆవిడ ఇంకేమన్నా చూడాలా అని అడిగింది. లేదండీ, చాలా థాంక్స్ అన్నాను. థాంక్స్ అన్నాను నేను.

ఏప్రిల్ 14

మరుగుదొడ్డి తొట్టిలో ఆరేడు లీటర్ల నీళ్ళు ఉంటాయి. కింద ఫ్రిజ్‌లో బార్లీ టీ రెండు సీసాలు ఉన్నాయి. లెక్క చూస్తే భయపడాల్సిందేమీ లేదు.

ఆకలికి దిగనివాడు దాహానికి దిగుతాడు. ఒకందుకు ఇదే మంచిదేమో.

పై వాక్యం కొట్టేశాను. మళ్ళీ రాశాను. రాసిన చెయ్యి నాదే, దాచుకోవడం దేనికి.

గుళ్ళో మంత్రం సగంలో మరిచిపోయాను. నలభై ఏళ్ళుగా నోటికి వచ్చిన మంత్రం. వెనక నిలబడ్డవాళ్ళు నా కోసం ఆగి, నేను మొదలుపెట్టకపోతే వాళ్ళే చదువుకున్నారు.

ఏడింటికి ఫోన్ చేశాను. పదిసార్లు మోగాక పెట్టబుద్ధి కాలేదు. అది దానంతటదే తెగిపోయేదాకా చెవి దగ్గరే పట్టుకున్నాను.

ఏప్రిల్ 15

ఇది బస్టాండులో రాస్తున్నాను. అక్షరాలు ఎలా పడితే అలా వస్తున్నాయి.

మధ్యాహ్నానికే నడవలేక సముద్రం ఒడ్డున సత్రంలో ఆగాను. సత్రం నడిపే చికామి గారికి డెబ్బై ఉంటాయి, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నా సంచి లోపల పెట్టబోయి ఇందులో రాళ్ళున్నాయా స్వామీ అంది. విప్పి చూసింది. మెత్తబడిన నారింజలు, బిస్కెట్లు, మేజోళ్ళు, నిన్న ఎవరో ఇచ్చిన పంపరపనస. తినకుండా ఎందుకు మోస్తున్నారని నిలదీసింది. ఒసాకాలో మా అబ్బాయికి ఇచ్చినవి అన్నాను. అదెంత పని, పార్శిల్ చేసేద్దాం, నాలుగింటికి బండి వస్తుంది, రేపటికి ఒసాకాలో ఉంటుంది అని అట్టపెట్టె తెచ్చి సర్దేసింది. నిమ్మ మిఠాయి తన వంతుగా పెట్టింది. కాదనడానికి లేదు. చిరునామా కాగితం నా ముందు పెట్టి కలం ఇచ్చింది.

పేరు రాశాను. అసనుమా కెంగో. ఆ పేరు కాగితం మీద పెట్టి ఎన్నేళ్ళయిందో. చిరునామా దగ్గర ఆగిపోయాను. పదకొండేళ్ళు వాడి చేత ఒసాకాలో కాపురం చేయించాం గాని, ఒక వీధి పేరు కూడా అనుకోలేదు. ఆవిడ చూస్తోంది. చెయ్యి దానంతటదే హిమెజి అని రాసింది, మా వీధి రాసింది, మా ఇంటి నంబరు రాసింది.

"ఇది మీ ఇల్లే కదా స్వామీ? ఇందాక మీరిచ్చిన చీటీలో ఇదే ఉంది."

అవునన్నాను.

"మీరిక్కడుంటే అందుకునేదెవరు?"

"మా అబ్బాయి."

ఒసాకా ఏమైందని ఆవిడ అడగలేదు. అడిగితే ఇంకో కథ అల్లేవాడినే. కాగితం తిప్పి చూసుకుని, అతి మామూలుగా అడిగింది.

"తలుపు తీస్తాడా మరి? తీయకపోతే పెట్టె తిరిగొచ్చేస్తుంది."

"తీయడు" అన్నాను.

ఆ మాట వచ్చాక మిగతావి ఆగలేదు. వాడు మేడ దిగడని, పన్నెండు రోజులుగా తిన్నాడో లేదో తెలియదని, రెండు రోజులుగా నీళ్ళు కూడా లేవని, కట్టించింది నేనేనని చెప్పాను. ఎదురుగా ఉన్నది ముక్కూ మొహం తెలియని మనిషి. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ నా చేతిలోంచి కలం తీసేసి ఫోన్ పెట్టింది.

"ముందు చెయ్యండి. ఏడుపు తర్వాత. నేనిక్కడే కూచుంటా."

మినొబె గారు ఎత్తింది. నేను కెంగో ఇంట్లో ఉన్నాడండీ అన్నాను. అంతకంటే తిన్నగా చెప్పే దారి లేదు.

"ఉన్నాడని మాకు తెలుసండీ" అంది. "మొదటినుంచీ తెలుసు. మేడమీద దీపం కనిపించేదిగా. మీరు చిన్నబుచ్చుకుంటారని వీధిలో ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు."

పదకొండేళ్ళు. జలుబు చేసిందని చెబితే, అయ్యో పాపం అనేది ఈవిడ. ఇల్లు మారాడంటే, పెద్దదా అని అడిగేది.

"కానీ పన్నెండో తారీఖు నుంచి దీపం వెలగట్లేదు" అంది. "అబ్బాయి కూడా బయల్దేరి మీ దగ్గరికొచ్చేశాడనుకున్నాం. మా ఆయనా నేనూ ఎంత సంతోషపడ్డామో. లేకపోతే నేను నీళ్ళు కట్టేదాన్నా అసనుమా గారూ? కట్టేదాన్నా?"

ముందు మర తిప్పమన్నాను. వెనక తలుపు అద్దం పగలగొట్టమన్నాను. ఆవిడ ఇంకొకళ్ళ ఇంటి అద్దం ఎలాగండీ అని ఒక్క క్షణం ఆగి, తనే మొగుణ్ణి కేకేసింది.

ఇరవై నిమిషాలు కూర్చున్నాం. చికామి గారు నా వీపు మీద చెయ్యి తీయలేదు. పార్శిల్ బండి వచ్చి ఆగింది, ఆవిడ తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. ఊపిరి ఉందండీ అంది మినొబె గారు. గదిలో నేల మీద పడి ఉన్నాడు, పిలిస్తే కళ్ళు కదిలిస్తున్నాడు, ఆంబులెన్స్ వచ్చేసింది అంది. ఇంకా ఏదో చెప్పింది, గది తలుపు బద్దలు కొట్టాల్సొస్తుందేమోనని వాళ్ళాయన గునపం తీసుకెళ్ళాడట. తోస్తే వచ్చేసిందట. దానికి గడియే లేదట.

ఏప్రిల్ 16

బస్సు. ఊపిరి ఉంది. ఊపిరి ఉంది.

ఏప్రిల్ 17

చూడనివ్వలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేం అన్నాడు డాక్టరు. కుర్రవాడు, నన్ను తిట్టాలని ఉన్నా తిట్టలేదు. కాగితాల్లో రోగి ఏం చేస్తాడు అని ఒక గడి ఉంది. అందులో ఏమీ చెయ్యడు, ఇంట్లో ఉంటాడు అని రాశాను.

ఇంటికి వెళ్ళి వాడి బట్టలు తెచ్చాను. వంటింట్లో ఉత్తరం పెట్టింది పెట్టినట్టే ఉంది. నూడుల్స్ ముప్ఫై డబ్బాలూ ఉన్నాయి. మినొబె గారు వాకిట్లోకి వచ్చి నేలదాకా వంగి క్షమించమంది. నేనూ వంగాను. ఇద్దరం ఎంతసేపటికీ తల ఎత్తలేకపోయాం.

ఏప్రిల్ 18

చూశాను.

దారిలో ఎదురైతే పోల్చుకునేవాడిని కాదు. గడ్డం గుండెల దాకా ఉంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నా కొడుక్కి జుట్టు నెరిసింది, నాకు తెలియదు. నుదురు మాత్రం ఫుమికోదే. చేతికి సూదులు, ముక్కుకి గొట్టం. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దుప్పటి సరిచేశాను, మళ్ళీ సరిచేశాను.

కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు.

"నాన్నా? బతికే ఉన్నావా?"

గొంతు మారిపోయింది. అవునురా అన్నాను. ఎందుకలా అడిగావన్నాను.

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఒకరోజు పళ్ళెం రాలేదట. కింద చప్పుడు లేదట, టీవీ లేదట. నేను పడుకున్న అలికిడి వినిపిస్తే గాని వాడు దిగడు, ఆ అలికిడే లేదు. ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాడు. సాయంత్రం ఫోన్ మోగిందట.

"పదిసార్లు మోగింది. నువ్వు తీయలేదు. మర్నాడూ మోగింది. రోజూ అదే టైముకి మోగుతోంది, నువ్వు తీయట్లేదు. ఇక నువ్వు కింద చచ్చిపోయి ఉన్నావనుకున్నా. దిగి చూడాలంటే భయమేసింది నాన్నా. రోజూ రేపు దిగుదాం అనుకునేవాణ్ణి. ఫోన్ మోగేది, మళ్ళీ భయమేసేది. దీపం కూడా ఆర్పేసుకుని కూచున్నా. క్షమించు. నేను దిగలేదు."

వాడు నన్ను క్షమించమంటున్నాడు.

ఆ ఫోన్ చేసింది నేనేరా అన్నాను. యాత్రకి వెళ్ళానన్నాను. అన్నం పెట్టకపోతే దిగుతావని వెళ్ళాను, నీకు ఉత్తరం రాసి వంటింట్లో పెట్టానన్నాను. ఒక్క అబద్ధం కూడా కలపలేదు.

వాడు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు.

"వెళ్తున్నానని తలుపు కొట్టి చెప్పొచ్చుగా నాన్నా?"

నర్సు వచ్చి సూది మార్చింది. నేను బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఒక్కొక్క రోజే వెనక్కి వెళ్ళి వెతుకుతున్నాను. ఫుమికో పోయిన రోజు కూడా, ఆ సంగతి కాగితం మీద రాసి పళ్ళెంలో గిన్నె కింద పెట్టి వచ్చాను. ఈ పదకొండేళ్ళలో నేను ఆ తలుపు ఒక్కసారి కూడా కొట్టలేదు.